426 హెమి: రేసు కోసం పుట్టి రోడ్డెక్కిన ఇంజన్

అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1964లో రేసుల కోసమే తయారుచేసిన ఎనిమిది సిలిండర్ల ఇంజన్ 426 హెమి. దాని సిలిండర్ల మొత్తం ఘనపరిమాణం 426 ఘనపు అంగుళాలు, అంటే దాదాపు ఏడు లీటర్లు. దహన గది అర్ధగోళాకారంలో (హెమిస్ఫెరికల్) ఉంటుంది కాబట్టి హెమి అన్నారు. ఆ ఇంజన్ సాధించిన గెలుపులన్నిటికీ మూలం ఆ ఆకారమే.

పెట్రోలు ఇంజన్ బలం అది పీల్చుకునే గాలిని బట్టి ఉంటుంది. ఎంత గాలి లోపలికి వెళితే అంత ఇంధనాన్ని కాల్చవచ్చు. ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుంటే పిస్టన్ ఒకసారి కిందికి దిగడానికి పట్టే సమయం సెకనులో 200వ వంతు. అంత తక్కువ వ్యవధిలో సిలిండర్ నిండాలంటే వాల్వులు పెద్దవిగా, గాలి దారి సూటిగా ఉండాలి. ఆనాటి అమెరికన్ ఇంజన్లలో చాలావాటిలో ఒక్కో సిలిండర్‌కు ఉండే రెండు వాల్వులూ ఒకే వరసలో పక్కపక్కనే ఉండేవి. వాటిని పెద్దవి చేద్దామంటే చోటు చాలదు. హెమిలో గది పైకప్పు బోర్లించిన కొబ్బరి చిప్పలా ఉంటుంది. ఆ గుండ్రటి వాలుల మీద వాల్వులు ఎదురెదురుగా కూర్చుంటాయి కాబట్టి పెద్ద వాల్వులు పడతాయి. గాలి ఒక పక్క నుంచి వస్తుంది, కాలిన వాయువు రెండో పక్క నుంచి పోతుంది. స్పార్క్ ప్లగ్ ఇంచుమించు మధ్యలో ఉండడంతో మంట అన్ని వైపులకూ త్వరగా పాకుతుంది. ఇందుకు చెల్లించిన మూల్యం బరువు, ఖర్చు. వాల్వులను తెరిచే మీటల కోసం ఒక్కో సిలిండర్ హెడ్‌కు రెండు రాకర్ షాఫ్టులు కావాలి, హెడ్‌లు వెడల్పవుతాయి. రేసు జనం దీనికి పెట్టిన ముద్దుపేరు ‘ఏనుగు’.

క్రైస్లర్‌కు ఈ ఆకారం కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆ కంపెనీ ఇలాంటి గదులతో పదహారు సిలిండర్ల విమాన ఇంజన్‌ను ప్రయోగాత్మకంగా తయారుచేసింది. 1951లో ఇదే ఆకారపు గదులున్న 180 హార్స్ పవర్ ఇంజన్‌ను కార్లలో పెట్టింది. తయారీ ఖర్చు ఎక్కువై 1950ల చివర్లో దాన్ని ఆపేసింది.

1963 డేటోనా 500 పందెంలో మొదటి ఐదు స్థానాలూ ఫోర్డ్ కార్లకే దక్కాయి. క్రైస్లర్ ఇంజనీర్లు పాత ఆకారాన్ని మళ్లీ బయటికి తీశారు. మరుసటి ఏటి పందేనికి కొద్ది వారాల ముందు, పరీక్షల్లో సిలిండర్ గోడలు పగిలాయి. గోడలు మందం చేసి కొత్త బ్లాకులు పోతపోయించారు. 1964 ఫిబ్రవరి 23న రిచర్డ్ పెట్టీ నడిపిన క్రైస్లర్ వారి ప్లిమత్ కారు హెమితో 200 చుట్లలో 184 చుట్లు ముందుండి గెలిచింది. రెండు, మూడు స్థానాల్లోనూ ప్లిమత్‌లే నిలిచాయి.

బజారులో దొరకని ఇంజన్‌తో పందెం ఆడకూడదని, ఆ పందేలను నిర్వహించే నాస్కార్ సంస్థ 1965 సీజన్‌కు హెమిని నిషేధించింది. క్రైస్లర్ పందేలను బహిష్కరించింది. పెట్టీ ఆ ఏడాది చాలా భాగం తిన్నటి దారిలో కొద్ది దూరం సాగే డ్రాగ్ రేసుల్లో గడిపాడు. చివరికి కంపెనీ 1966లో ఈ ఇంజన్‌ను మామూలు కొనుగోలుదారులకు అమ్మకానికి పెట్టింది. రెండు కార్బ్యురేటర్లతో వచ్చిన ఆ ‘స్ట్రీట్ హెమి’కి కంపెనీ ప్రకటించిన బలం 425 హార్స్ పవర్. 1964లో పాంటియాక్ జీటీవో కారుతో ఊపందుకున్న, పెద్ద ఇంజన్ బిగించిన ‘మజిల్ కార్ల’ మోజుకు ఇది శిఖరం. పందెం నియమం ఒక్కటి అడ్డుపడకపోతే ఈ ఇంజన్ ఏ ఇంటి ముంగిట్లోనూ నిలిచేది కాదు. అమ్ముడైనవి తక్కువే. ధర ఎక్కువ, పెట్రోలు తాగుడు ఎక్కువ. ట్రాక్ మీద మాత్రం తిరుగులేదు. 1967లో పెట్టీ 27 పందేలు గెలిచాడు, అందులో వరసగా పది. 1970 మార్చి 24న అలబామాలోని టల్లడేగా ట్రాక్ మీద బడ్డీ బేకర్ హెమి ఉన్న, క్రైస్లర్ వారిదే అయిన డాడ్జ్ చార్జర్ డేటోనా కారులో గంటకు 200.447 మైళ్ల వేగంతో చుట్టు పూర్తిచేశాడు. అంటే సుమారు 323 కిలోమీటర్లు.

ఆ తర్వాత పతనం వేగంగా వచ్చింది. కుర్రాళ్లు నడిపే శక్తిమంతమైన కార్లకు బీమా కంపెనీలు ప్రీమియం బాగా పెంచాయి. 1970 స్వచ్ఛ వాయు చట్టం పొగ మీద ఆంక్షలు తెచ్చింది. 1971తో స్ట్రీట్ హెమి ఆగిపోయింది. నాడు కొనేవాళ్లు తక్కువైన ఆ కార్లకే తర్వాత గిరాకీ వచ్చింది. 1971 నాటి ఓపెన్ టాప్ ప్లిమత్ ‘హెమి కుడా’ కారు ఒకటి 2014 వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది.

డ్రాగ్ రేసుల్లో మాత్రం హెమి ఆగలేదు. నైట్రోమీథేన్ తనలోనే ఆక్సిజన్ మోసుకొచ్చే ఇంధనం. దాంతో నడిచే ‘టాప్ ఫ్యూయల్’ తరగతి డ్రాగ్ బళ్ల ఇంజన్లు నేడు పూర్తిగా అల్యూమినియం బ్లాకులతో, సూపర్‌చార్జర్‌తో తయారవుతున్నాయి. 500 ఘనపు అంగుళాల పరిమితిలోనే వేలాది హార్స్ పవర్ ఇస్తూ గంటకు 300 మైళ్లు దాటిస్తున్నాయి. వాటి మౌలిక నమూనా ఇప్పటికీ 426 హెమిదే.