కోత పండుగ వేలం ఏడాదికొక్కసారే! కూరగాయల రైతుకు వారం వారం చోటు దొరికేనా?

కామారెడ్డి: అంగడిలో ఇరవై రూపాయలకు గీచి గీచి బేరమాడే గుమ్మడికాయ, కోత పండుగనాడు చర్చి ఆవరణలో రెండు వందలు పలికినా ఎవరూ ఆశ్చర్యపోరు. పాట దక్కించుకున్నవారు డబ్బు చెల్లించి, అదే కాయను మళ్ళీ బల్లమీద పెట్టి ఇంకోసారి వేలానికి వదలడమూ కద్దు. వరి కంకులు, మక్క కంకులు, సొరకాయలు, కోడిపెట్టలు, గుడ్లు ఏవి ఉంటే అవి తెచ్చి ఆరాధనలో అర్పించడం, తర్వాత ఆవరణలో వేలం వేయడం దక్షిణ ఇండియా సంఘం చర్చిలలో ఉన్న ఆచారం. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలు ఈ సంఘానికి చెందిన మెదక్ అధ్యక్ష మండలం పరిధిలోనివే.

వేలం సొమ్ము చర్చికి చేరుతుంది. అది అర్పణ గనుక ఎవరికీ పేచీ లేదు. అయితే అదే రైతు మర్నాడు తట్టెడు బెండకాయలు నెత్తిన పెట్టుకొని అంగడికి పోతే సంగతి వేరు. వడ్లకూ మక్కలకూ కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది. కూరగాయలకు అది లేదు. వడ్లయితే కొనుగోలు కేంద్రం వద్ద కుప్ప పోసి నాలుగు రోజులు కాపలా పడుకోవచ్చు. తోటకూర కట్ట సాయంత్రానికే వాడిపోతుంది. ఈ కిటుకు తెలిసిన మారుబేరగాడు పొద్దు వాలేదాకా ఆగుతాడు. తట్ట తిరిగి ఇంటికి మోయలేక, బస్సు చార్జీలైనా వస్తే చాలునని రైతు ఇచ్చివేస్తాడు.

దళారీ బెడద తప్పించాలనే 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు ప్రారంభించారు. హోల్‌సేలు ధరకు కొంత పైన, చిల్లర ధరకు కొంత దిగువన రేటు కట్టి బోర్డు మీద రాయడం అక్కడి పద్ధతి. మంచి పద్ధతే గానీ అవి ఎక్కువగా పట్టణాలకే పరిమితమయ్యాయి. రెండు గుంటల్లో వంగ, టమాట వేసుకున్నవారు అంతదూరం పోయి వస్తే మిగిలేదేమిటి?

అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జరిగిన సంగతి ఇక్కడ చెప్పుకోదగ్గది. హెబర్ బ్రౌన్ అనే నల్లజాతి పాస్టరు తాను పనిచేసే చర్చి స్థలంలో కూరగాయల తోట వేయించారు. 2015 ఏప్రిల్‌లో పోలీసుల నిర్బంధంలో ఫ్రెడ్డీ గ్రే అనే యువకుడు గాయపడి మరణించగా నగరం అట్టుడికింది. ఆ రోజుల్లో దుకాణాలు మూతపడి తిండికి ఇబ్బంది ఏర్పడితే, బ్రౌన్ నల్లజాతి రైతులతో మాట్లాడి పంటను చర్చిలకు రప్పించారు. అప్పటికి అది అత్యవసర సాయమే. తర్వాత చర్చిలనూ రైతులనూ కలిపే శాశ్వత సంస్థ అయింది. ఆరాధన ముగిసి బయటికి వచ్చినవారు అక్కడే రైతు వద్ద కూరలు కొనుక్కొని ఇంటికి పోతారు. కొనేవారు ముందే చేరి ఉండడం ఇందులోని కీలకం. రైతు గిరాకీని వెతుక్కోనక్కరలేదు.

చర్చికీ తిండిగింజలకూ సంబంధం మన ప్రాంతానికి కొత్త కాదు. ఎల్లారెడ్డికి పొరుగునున్న మెదక్‌లో 175 అడుగుల గోపురంతో నిలిచిన చర్చి కరువు కాలపు కట్టడమే. 1914లో పని మొదలైంది. పస్తులున్న జనానికి ఊరికే పెట్టడం కన్నా పని ఇచ్చి తిండి పెట్టడం మేలని ఫాదరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ తలపెట్టారని చెబుతారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 2024లో నూరేళ్ళు నిండాయి. ఈనాటికీ క్రిస్మస్‌కు అన్ని మతాలవారూ అక్కడికి వెళ్ళడం చూస్తున్నాం.

అయితే, దేవాలయంలో అమ్మేవారిని యేసు వెళ్ళగొట్టలేదా అని పెద్దలు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సువార్తల్లో ఆ కోపం పావురాలు అమ్మేవారిమీద, డబ్బు మార్చేవారిమీద చూపినది. భక్తుల అవసరాన్ని ఆసరా చేసుకొని దోచుకునేవారిని గురించే అది అని ఈ విలేకరికి తోస్తోంది. తట్టెడు బీరకాయలతో వచ్చిన ఆడమనిషి ఆ లెక్కలోకి రాదు. అయినా ఆదివారం డబ్బు వ్యవహారం వద్దనుకునేవారు శనివారం సాయంత్రం పెట్టుకోవచ్చు. మర్నాటి వంటకు అదే అనువు కూడా.

దీనికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. ఆవరణలో నీడ, తాగడానికి నీళ్ళు, ముద్ర వేయించిన రెండు కాటాలు, సుద్దముక్కతో ఆనాటి రేట్లు రాసే నల్లబల్ల ఉంటే చాలు. చర్చి కమిటీ నుండి ఒకరు, రైతుల నుండి ఒకరు తూకం దగ్గర నిలబడాలి. అమ్మే హక్కు పండించినవారికే ఉండాలి. మతంతో నిమిత్తం లేకుండా చుట్టుపక్కల ఊళ్ళ రైతులందరినీ రానివ్వాలి. రైతు వద్ద స్థలం అద్దె గానీ కమీషను గానీ తీసుకోరాదు. అది మొదలైతే అంగడికీ దీనికీ తేడా ఉండదు.

కోత పండుగకు రైతులూ కొనేవారూ ఎలాగూ ఒకేచోట చేరుతారు. ఈసారి వేలం ముగిశాక, ఒక నెలపాటు పెట్టి చూద్దామా అని కమిటీలు వారినే అడగవచ్చు.