కరెంటు లెక్క కంటికి కనిపిస్తే



బియ్యం డబ్బా అడుగంటుతోందంటే మనకు ముందే తెలుస్తుంది. గ్యాసు బండ తేలికపడితే రెండోదానికి కబురు పెడతాం. మరి కరెంటో? నెల పొడుగునా వాడుకుంటూ పోతాం. ఎంత వాడామన్నది బిల్లు చేతికొచ్చాక గానీ తెలియదు. కంటికి కనబడని ఖర్చును తగ్గించమంటే ఎవరికైనా ఎలా సాధ్యం చెప్పండి? అందుకే ఈవేళ కరెంటు వాడకాన్ని ఎప్పటికప్పుడు చూపించే ఎనర్జీ మానిటర్ల గురించి చెప్పుకుందాం.

"ఓ యూనిట్ ఎక్కువైతే మునిగిపోతామా?" అంటారేమో. ఒక్కోసారి నిజంగానే మునుగుతాం సుమండీ! తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ధరల పట్టిక చూడండి. వాడకం నూరు దాటి 200 లోపు ఉంటే, మొదటి 100 యూనిట్లకు యూనిట్ 3 రూపాయల 40 పైసలు, తర్వాతి వాటికి 4 రూపాయల 80 పైసలు. 200 యూనిట్లకు వెరసి 820 రూపాయలు. 201 అయిందా, మొదటి 200 యూనిట్లకూ 5 రూపాయల 10 పైసల చొప్పున పడుతుంది, ఆ పైదానికి 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల పైమాటే! ఇతర చార్జీలు వేరే. 2024 మార్చి బిల్లుల నుంచి గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు అందుకుంటున్న ఇళ్ళకైతే ఈ గీత మరీ ముఖ్యం. 200 దాటిన నెలలో బిల్లు మొత్తం కట్టుకోవాలి.

నెలకు 200 అంటే రోజుకు ఆరున్నర యూనిట్ల పైచిలుకు. 1000 వాట్ల వస్తువు గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్. ఇక శామీర్‌పేట, తుర్కపల్లి, మేడ్చల్ వైపు సొంత ఇళ్ళలో ఉండేవారి సంగతి తీసుకోండి. ఫ్యాన్లు, ఫ్రిజ్ అందరికీ ఉన్నవే. వాటికి తోడు బోరు మోటారు. ఒక హార్స్‌పవర్ మోటారు గంట నడిస్తే సుమారు ఒక యూనిట్ తింటుంది. పైన ట్యాంకు నిండి నీళ్ళు పొర్లుతున్నా రోజూ అరగంట అలా వదిలేస్తే నెలకు 15 యూనిట్లు కాలువ పాలు! నీళ్ళూ పోయె, కరెంటూ పోయె.

ఎనర్జీ మానిటర్లలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మొదటిది ప్లగ్గుకు తగిలించేది. గోడ సాకెట్‌లో దీన్ని పెట్టి, దీనికి మన వస్తువును తగిలిస్తే, ఎన్ని వాట్లు లాగుతోందో, ఎన్ని యూనిట్లు అయిందో అంకెల్లో చూపిస్తుంది. ఫ్రిజ్ ఆగి ఆగి పనిచేస్తుంది గనుక దాన్ని పూర్తిగా ఒక రోజు ఉంచి చూడాలి. గీజరు, ఏసీ వంటివాటికి ఆ బరువు మోయగల 16 ఆంపియర్ల పరికరమే వాడాలి. రెండోది మెయిన్ బోర్డులో వైరు చుట్టూ పట్టుకునే క్లాంపు రకం. ఇది ఇంటి మొత్తం వాడకాన్ని చూపుతుంది. దీన్ని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించుకోవాలి. విద్యుత్ సంస్థ మీటరుకు వేసిన సీలు జోలికి మాత్రం ఎవరూ పోకూడదు.

కొనే వీలు లేదంటారా? దిగులెందుకు, మీ గుమ్మం పక్కనున్న మీటరే ఒక మానిటర్! ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్రదీపం మిణుకుతూ ఉంటుంది. పక్కనే, ఒక యూనిట్‌కు ఎన్నిసార్లు మిణుకుతుందో అచ్చువేసి ఉంటుంది. అది 3200 అనుకోండి. నిమిషంలో 16 సార్లు మిణికితే గంటకు 960 సార్లు, అంటే ఆ సమయంలో ఇల్లు 300 వాట్లు వాడుతోందన్నమాట. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ కాసేపు ఆపి చూడండి. దీపం ఇంకా మిణుకుతోందంటే టీవీ డబ్బానో, ఇన్వర్టరో ఎక్కడో కరెంటు లాగుతున్నట్టే. పది వాట్ల డబ్బా రాత్రింబవళ్ళూ ఆన్‌లో ఉంటే నెలకు ఏడు యూనిట్లు. మెయిన్ ఆపినా మిణుకుతుంటే మాత్రం వైరింగ్ చూపించాలి.

ఇంతా చూస్తే ఫలితం ఉంటుందా? ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శారా డార్బీ అప్పటిదాకా వివిధ దేశాల్లో జరిగిన పరిశీలనలన్నీ క్రోడీకరించి 2006లో ఒక నివేదిక రాశారు. వాడకాన్ని నేరుగా, వెంటవెంటనే చూసుకోగలిగిన ఇళ్ళలో ఆదా సాధారణంగా 5 నుంచి 15 శాతం దాకా ఉందని అందులో తేలింది. అయితే పరికరం చూపిస్తుందంతే, స్విచ్చి ఆపవలసింది మన చెయ్యే.

ఎక్కడ ఆపాలో అంకెలే చెబుతాయి. మామూలు 75 వాట్ల ఫ్యాను రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు దాదాపు 34 యూనిట్లు. 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యానుకు 14 లోపే. ఏసీని ఒక్క డిగ్రీ పెంచి పెడితే సుమారు ఆరు శాతం ఆదా అని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న గది ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలన్న నిబంధన అందుకే వచ్చింది.

ఇక పద్ధతి చెబుతాను. మీటరు రీడింగు తీసుకున్న రోజునే ఆ అంకెను, పాల లెక్క రాసుకునే క్యాలెండర్‌లోనే రాసిపెట్టండి. రోజూ ఒకే వేళకు చూసి పక్కన వేయండి. పదో రోజుకు 80 యూనిట్లు అయిందంటే, ఇదే వేగాన నెలకు 240 అవుతుంది. మిగిలిన 20 రోజులకు చేతిలో ఉన్నవి 120, రోజుకు ఆరు. అప్పుడే మోటారు దగ్గరో, ఏసీ దగ్గరో పట్టు బిగించవచ్చు. బిల్లు వచ్చాక చేసేదేముంది, కట్టడం తప్ప!

పిల్లలకు కూడికలు, తీసివేతలు వస్తే ఈ పని వాళ్ళకే అప్పగించండి. రోజూ మీటరు చూసే పిల్ల ఫ్యాను తిరుగుతుండగా గది వదిలి వెళ్ళదు.