శిన్సైబాషి: నేల క్రింది విశాల మందిరము

జపాను దేశమున వర్తకమునకు పేరెన్నికగన్న నగరము ఒసాకా. ఆ నగరము నడుమ, మిడోసుజి అను రాజవీథి క్రింద, శిన్సైబాషి అను భూగర్భ రైలు స్టేషను కలదు. మెట్లు దిగి ప్లాట్‌ఫారము చేరినవారి చూపు ముందుగా పైకప్పు మీదికి పోవును. నడుమ ఒక్క స్తంభమైనను లేక, ఈ గోడనుండి ఆ గోడవరకు విల్లువలె వంగిన ఎత్తైన కమాను అది. నేల క్రింద ఇంత చోటు ఎందులకు కావలసివచ్చినదో మనము కొంచెము విచారింతము.

1923లో సెకి హజిమె ఒసాకాకు మేయరైనాడు. ఆయన పూర్వము అర్థశాస్త్రము బోధించిన ఆచార్యుడు. నగరము పెరుగు వేగమును గమనించి, సుమారు 6 మీటర్ల ఇరుకు వీథిని 44 మీటర్ల రాజమార్గముగా వెడల్పు చేయించి, దాని క్రిందనే రైలు నడుపవలెనని ఆయన సంకల్పించెను. వ్యయములో కొంత భాగమును, ఆ మార్గమువలన లాభము పొందు స్థలముల యజమానులపై పన్నుగా విధించిరి. స్థలము పోయినవారు, పన్ను కట్టవలసినవారు ఊరకుందురా? నిరసనలు చెలరేగినవి. నగరము నడిబొడ్డున విమానములు దింపుదురా అని ఎగతాళి చేసినవారును ఉండిరని చెప్పుదురు.

1930లో సొరంగము పని ఆరంభమైనది. ఒసాకా నేల నదులు తెచ్చి పోసిన ఒండ్రుమట్టి. కొద్దిగా త్రవ్వినంతనే నీరు ఊరును. అందుచే ఇరుప్రక్కల ఇనుప పలకలు దించి, పైనుండి కందకము త్రవ్వి, అడుగున కాంక్రీటు సొరంగము కట్టి, మరల మట్టి కప్పి వీథి వేసిరి. రైలు పెట్టెలను ఎద్దులచే వీథులవెంట లాగించి తెచ్చి సొరంగములోనికి దించిరి.

1933 మే 20న ఉమెదా నుండి శిన్సైబాషి వరకు, 3.1 కిలోమీటర్ల దూరము, రైలు నడిచినది. టోక్యోలో 1927లోనే ఒక కంపెనీ భూగర్భ రైలు నడిపినది గాని, నగరపాలక సంస్థ స్వయముగా నడిపినవానిలో జపానున ఇదియే మొదటిది. ఆనాటి రైలునకు ఒక్కటే పెట్టె! స్టేషనులను మాత్రము పొడవైన రైళ్లు ఆగుటకు తగినట్లు ముందుగానే కట్టియుంచిరి. సెకి 1935 జనవరిలో మరణించెను. 1937లో రాజవీథి పూర్తియగుట ఆయన చూడలేదు.

1945 మార్చి 13 రాత్రి ఒసాకాపై బాంబుల వర్షము కురిసినది. మంటలనుండి పారిపోయి శిన్సైబాషి మెట్లు దిగితిమని, అచటినుండి రైలులో ఉమెదా చేరి బ్రతికితిమని పలువురు తరువాతి కాలమున చెప్పిరి. దానికి వారి మాటలే సాక్ష్యము.

నేడు ఈ మార్గమున 10 పెట్టెల రైళ్లు నడచుచున్నవి. ఆనాడు పన్ను కట్టినవారి కష్టము మిథ్య కాదు. వారికి కనబడినది ఒంటిపెట్టె రైలే. వారి మనుమలు నిత్యము ఎక్కునది 10 పెట్టెల రైలు.