రొయ్యలా? స్పిరులినానా? మా అమ్మ కోసం వేసిన లెక్క

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేస్తూ గోడ పట్టుకుంది. "ఏమైందమ్మా?" అంటే "ఏం లేదు నాయనా, కండ్లు తిరిగినట్టయింది" అని మళ్లీ పనిలో పడింది. మాది కడప జిల్లాలో మైదుకూరు దగ్గర ఓ పల్లె. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. పండగ అయిపోయాక చెల్లెలు బలవంతంగా తీసుకెళ్లి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.6 అని వచ్చింది. ఆడవాళ్లకి 12 ఉండాలి.

డాక్టరు ఐరన్ మాత్రలు రాసిచ్చారు. నాకు అవి చాలవనిపించింది. చదువుకున్నవాణ్ని కదా! ఒక రాత్రంతా ఫోన్లో వీడియోలు చూసి, తెల్లారేసరికి స్పిరులినా మాత్రలు మూడు సీసాలు ఆర్డర్ పెట్టేశా. ఒక్కో సీసా ఆరొందల చిల్లర. "రోజుకి ఆరు మింగమ్మా, చికెన్ కంటే బలం" అని ఫోన్లో చెప్పా.

మా అవ్వ సీసా మూత తీసి వాసన చూసిందట. "పాచి మింగిస్తాండావా మీ యమ్మకు? సంతలో ఎండు రొయ్యలు తెచ్చియ్యి. గోంగూరలో యేసి వండిపెడతా, నెలలో లేచి తిరుగుతాది" అంది. మా ఇంట్లో రొయ్యలు, స్పిరులినా పంచాయితీ అలా మొదలైంది. అవ్వని ఒప్పించడానికి ఎక్సెల్ షీట్ తెరిచా. నా లెక్కలు నాకే ఎదురు తిరిగాయి.

అవ్వ అన్నది నిజమే, అది పాచే

స్పిరులినా ఆకు కాదు, చెట్టు కాదు. సయనోబాక్టీరియా అనే అతి చిన్న జీవి. క్షారం ఎక్కువగా ఉన్న వెచ్చటి నీళ్లలో పెరుగుతుంది. ఆ నీలి పచ్చ రంగు దానిలోని ఫైకోసయనిన్ వల్ల వస్తుంది. ఇది కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. ఆఫ్రికాలో చాద్ సరస్సు దగ్గర కానెం ప్రాంతపు ఆడవాళ్లు దీన్ని నీళ్లలోంచి తీసి, ఇసుకలో ఆరబెట్టి, 'దిహే' అనే బిళ్లలు చేసి కూరల్లో వాడతారు. మెక్సికోలో అజ్టెక్ జనం టెక్స్‌కోకో సరస్సు నుంచి తీసి సంతల్లో అమ్మేవాళ్లు. అంతరిక్షంలో వ్యోమగాములకి ఆహారంగా పనికొస్తుందేమోనని నాసా కూడా పరిశీలించింది. మన దగ్గర మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ, చెన్నైలోని మురుగప్ప చెట్టియార్ పరిశోధన కేంద్రం దీన్ని పెంచే పద్ధతుల మీద చాలా ఏళ్ల కిందటే పనిచేశాయి.

కాబట్టి స్పిరులినా మోసం కాదు. మోసమల్లా మనకి దాన్ని చూపించే లెక్కలో ఉంది.

వంద గ్రాముల మాయ

అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం వంద గ్రాముల ఎండు స్పిరులినాలో ప్రొటీన్ 57 గ్రాములు, ఇనుము 28.5 మిల్లీగ్రాములు. వంద గ్రాముల పచ్చి రొయ్యల్లో ప్రొటీన్ సుమారు 20 గ్రాములు, ఇనుము అర మిల్లీగ్రాము. ఇంత వరకు చూస్తే స్పిరులినాదే గెలుపు. వీడియోలు ఇక్కడే ఆగిపోతాయి. నేనూ ఆ రాత్రి ఇక్కడే ఆగిపోయా.

కానీ ఒకటి ఎండుది, ఇంకొకటి పచ్చిది. పచ్చి రొయ్యలో నాలుగింట మూడొంతులు నీళ్లే. నీళ్లు తీసేస్తే? అవ్వ చెప్పే ఎండు రొయ్యల్లో ప్రొటీన్ వందకి అరవై గ్రాములు దాటుతుంది. అంటే ఎండుకి ఎండు పెట్టి తూస్తే అవ్వ రొయ్యలు నా స్పిరులినాకి ఏమాత్రం తీసిపోవు.

అసలైన తేడా ఇంకొకటుంది. వంద గ్రాముల రొయ్యలు ఒక మనిషి ఒక పూట కూరలో తినేస్తాడు. వంద గ్రాముల స్పిరులినా ఎవరు తింటారు? అమ్మ మింగేది అర గ్రాము మాత్రలు ఆరు. మొత్తం 3 గ్రాములు. దానిలో వచ్చే ప్రొటీన్ 1.7 గ్రాములు. గుప్పెడు చెనిక్కాయ గింజలు నమిలినా దీనికి మూడు నాలుగు రెట్లు వస్తుంది.

ఇనుము లెక్క చూశాక నాకు సిగ్గేసింది. 120 మాత్రల సీసాలో ఉన్న పొడి 60 గ్రాములు. దానిలో ఇనుము సుమారు 17 మిల్లీగ్రాములు. ఐసీఎంఆర్ 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం ఆడవాళ్లకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలి. అంటే సీసా సీసా మొత్తం ఒక్క రోజులో మింగినా ఆ రోజుకి సరిపోదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఊరికే ఇచ్చే ఐరన్ మాత్ర ఒక్కదానిలో 60 మిల్లీగ్రాములు ఉంటుంది. నేను ఆరొందలు పెట్టి కొన్న సీసాలు మూడున్నర కలిపితే ఆ ఒక్క మాత్రకి సమానం!

మరి అవ్వ గెలిచినట్టేనా?

ప్రొటీన్‌లో అవ్వే గెలిచింది. రొయ్యలో మన ఒంటికి అవసరమైన అమైనో ఆమ్లాలన్నీ నిండుగా ఉంటాయి, కొవ్వు చాలా తక్కువ. స్పిరులినా ప్రొటీన్ మంచిదే గానీ మిథియోనిన్ లాంటివి గుడ్డు, పాలతో పోలిస్తే కొంచెం తక్కువ.

బి12లో కూడా అవ్వదే పైచేయి. వంద గ్రాముల రొయ్యల్లో రోజు అవసరంలో దాదాపు సగం దొరుకుతుంది. స్పిరులినా సీసాల మీద 'బి12' అని పెద్దక్షరాల్లో వేస్తారు. దానిలో ఉండేది ఎక్కువగా సూడో బి12. చూడ్డానికి బి12 లాగే ఉంటుంది, మన ఒంట్లో పనిచేయదు. శాకాహారులు దీన్ని నమ్ముకుంటే కష్టం.

కానీ రక్తం పట్టడానికి కావాల్సిన ఇనుము సంగతికొస్తే అవ్వ కూడా ఓడిపోయింది. వంద గ్రాముల రొయ్యల్లో ఉండేది అర మిల్లీగ్రామే అని పైనే చెప్పా. ఎండు రొయ్యల్లో ఇంకాస్త ఉన్నా, కూరలో వేసేది పిడికెడే. పైగా వాటిలో ఉప్పు ఎక్కువ. బీపీ ఉన్నవాళ్లు చూసుకోవాలి.

ధర కూడా లెక్కేశా. స్పిరులినాలో గ్రాము ప్రొటీన్‌కి దాదాపు 18 రూపాయలు పడింది. కిలో 450 చొప్పున కొన్న రొయ్యల్లో తల, పొట్టు సగం పోయినా నాలుగున్నర రూపాయలు. చెనిక్కాయ గింజల్లో రూపాయి కూడా కాదు. దేశంలో రొయ్యలు ఎక్కువగా పండేది మన ఆంధ్రాలోనే అయినా, నెల్లూరు, భీమవరం చెరువుల సరుకు చాలావరకు విదేశాలకి పోతుంది. మా సీమ పల్లెలకి వచ్చేది సంతలో ఎండు రొయ్యల కుప్పే.

షీట్‌లో లేని గడి

మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించాం. 8.1. పెరగలేదు సరికదా, తగ్గింది.

"ఐరన్ మాత్రలు వేసుకుంటాండావా?" అని అడిగితే అమ్మ నేల చూపులు చూసింది. "అవి కడుపులో వికారం నాయనా. నువ్వు పంపినవి ఉన్నాయి గదా, అవి బలమైనవి అంటివి గదా అని మానేస్తి" అంది. నా మీద నమ్మకంతో అసలు మందు ఆపేసింది. ఆ మాట విన్నాక ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

కడపలో ఆడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె ఏం తింటున్నావని అడగలేదు. "నెలసరి ఎట్లా వస్తాంది?" అని అడిగింది. అమ్మ నా వైపు చూసింది. నేను లేచి బయటికొచ్చేశా. గంట తర్వాత చెల్లెలు చెప్పింది. ఏడాదిన్నరగా నెలకి పది పన్నెండు రోజులు ఎర్రబట్ట అవుతోందట. స్కానింగ్‌లో గర్భసంచిలో గడ్డ కనిపించింది, క్యాన్సర్ కాదు. నలభై ఏడేళ్లు వచ్చాయి కదా, ఇట్లాగే ఆగిపోతుందిలే అనుకుని ఎవరికీ చెప్పలేదట. మగపిల్లోడికి ఎట్లా చెప్తాను అనుకుందట.

కింద చిల్లిపడిన కుండలో రొయ్యలు పోసినా, స్పిరులినా పోసినా నిండదు. నేనూ అవ్వా మూడు నెలలు ఏం పోయాలా అని కొట్లాడుకున్నాం. కారుతోందేమో అని ఎవ్వరమూ చూడలేదు.

మీ ఇంట్లో కూడా చూడండి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. పదిమందిలో దాదాపు ఆరుగురు. అందుకే నేను నేర్చుకున్నది చెప్తా.

హిమోగ్లోబిన్ తక్కువుంటే ముందు ఎందుకు తగ్గిందో డాక్టరుతో తేల్చుకోండి. నెలసరి, మొలలు, కడుపులో పురుగులు, బి12 లోపం, కారణం ఏదైనా కావచ్చు. ఐరన్ మాత్ర పడకపోతే మానేయకండి. వేరే రకం ఇమ్మనండి, లేదా అన్నం తిన్నాక వేసుకోవచ్చా అని అడగండి. మలం నల్లగా వస్తే భయపడొద్దు, ఐరన్ మాత్రలతో అది మామూలే. టీకి, మాత్రకి మధ్య గంటైనా ఎడం ఉంచండి.

తిండి విషయంలో సీమ వంటిల్లు పేదదేం కాదు. వంద గ్రాముల ఉలవల్లో ఇనుము సుమారు 9 మిల్లీగ్రాములు, ప్రొటీన్ 21 గ్రాములు. రాగుల్లో ఇనుము నాలుగున్నర. ఉలవచారు మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఇంకాస్త బాగా ఒంటబడుతుంది. మాంసం తినేవాళ్లకి మేక కార్జం, నల్ల ఉండనే ఉన్నాయి. ఎండు రొయ్యలు రుచికీ, ప్రొటీన్‌కీ మంచివే. రొయ్యలు పడక ఒళ్లు దద్దుర్లు వచ్చేవాళ్లు మాత్రం వాటి జోలికి పోవద్దు. స్పిరులినా ఇష్టమైతే వేసుకోండి, కానీ మందు బదులు కాదు. శుభ్రత లేని నీళ్లలో పెంచితే విషపు నాచు కలిసే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు చూసి కొనండి. ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా వాడొద్దు.

ఇప్పుడు అమ్మ వైద్యం తీసుకుంటోంది. ఐరన్ మాత్ర మార్చారు. పోయిన నెల పరీక్షలో 10.4 వచ్చింది. మిగిలిన స్పిరులినా సీసా ఇంకా అలమరలోనే ఉంది. ఆదివారం అవ్వ గోంగూర రొయ్యలు వండితే నేనూ తిన్నా. వాటిలో ఇనుము లేదని అవ్వకి ఇంకా చెప్పలేదు.

అమ్మకి మాత్రం ఒకటి చెప్పా. "ఇంకోసారి ఏమైనా అయితే నాకు చెప్పమ్మా, మగపిల్లోణ్ని అనుకోవద్దు" అని. "సరే నాయనా" అంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఏం తిన్నావని కాదు, ఎట్లా ఉందని అడుగుతున్నా.