కనుమ అంటే దారి

"తూర్పు కనుమలు" అనగానే మనకు భూగోళం పుస్తకంలోని గోధుమరంగు గీత కళ్లముందు మెదులుతుంది. కొండల వరస అని ఠక్కున చెప్పేస్తాం. కాని కనుమ అంటే కొండ కాదు. కొండల నడుమ మనిషి నడిచే ఇరుకు దారి. అంత పెద్ద పర్వతశ్రేణికి శిఖరాలను బట్టి పేరు రాలేదు, దారులను బట్టి వచ్చింది. దారి లేకపోతే ఆ కొండలు ఉన్నా లేనట్టే గదా! తెలుగు పాఠం చెప్పుకునే నాకు ఈ మాట బరువెంతో 2014లో, హుద్‌హుద్ తుపాను వెలిసిన కొద్దివారాలకు అరకు వెళ్లినప్పుడు బోధపడింది.

ఆ ఏడు అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం వేళ ఆ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల పైమాట. పేరు చూస్తే ఒక పిట్టది! ఒమన్ దేశం వారు సూచించిన అరబ్బీ పేరు. మనం కూకుడుగువ్వ అంటామే, అదే. విశాఖ పడిన కష్టం పత్రికల నిండా వచ్చింది. అక్కడికి 115 కిలోమీటర్ల దూరాన, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులోయ గోడు అంతగా వినిపించలేదు. వినిపించడానికి దారేదీ? శృంగవరపుకోట దాటి ఘాటు ఎక్కితే రోడ్డుకు అడ్డంగా చెట్లే. కాఫీతోటలకు గొడుగు పట్టే సిల్వర్ ఓక్ చెట్లు కూలుతూ కూలుతూ కింది కాఫీ మొక్కలను కూడా నలిపేశాయి.

గాలివాన తగ్గింది, చెట్లు నరికి పక్కకు లాగేశారు, ఇక భయం లేదు అనుకోవడం పల్లపు వాళ్ల లెక్క. కొండ లెక్క వేరు. ఇక్కడి రాతిని ఖోండలైట్ అంటారు. ఖోండులనే కొండజాతి పేరు మీదనే భూగర్భ శాస్త్రజ్ఞులు దానికా పేరు పెట్టారు. యుగాల తరబడి ఎండకూ వానకూ దాని పైపొర చివికి ఎర్రమట్టి అవుతుంది. చెట్ల వేళ్లు పట్టి ఉంచినన్నాళ్లు ఆ మట్టి నిలుస్తుంది. చెట్టు వేళ్లతో సహా లేచిపోయిందా, అక్కడొక గొయ్యి పడుతుంది. అందులో నీరు దిగుతుంది. మట్టి నాని బరువెక్కుతుంది. కింద రాతికీ పైన మట్టికీ నడుమ నీరు చేరితే, ఏదో ఒక పూట చరియకు చరియే జారిపోతుంది. వాన కురుస్తుండగానే జారాలన్న నియమం లేదు. తెల్లగా ఎండ కాస్తున్నప్పుడు కూడా జారుతుంది.

ఈ శాస్త్రాన్ని అనంతగిరి ఘాటులో టీ బడ్డీ దగ్గర కలిసిన ఒక వృద్ధుడు ఒక్క ముక్కలో చెప్పాడు. రోడ్డు పనిలో చాలా ఏళ్లు కూలి చేసినవాడట. "వాన ఎలిసిపోనాది గదాని తొందరపడకండి బాబూ. కొండ తాగిన నీళ్లు ఇంకా దిగనేదు" అన్నాడు.

తుపాను తరువాత దారిని ఎలా చూస్తారని అడిగాను. నాతో నాలుగు మలుపులు నడిచి చూపించాడు. మొదట చూసేది రోడ్డును కాదు, కొండవైపు కాలువను. అందులో ఆకూ మట్టీ పూడుకుంటే నీరు రోడ్డెక్కి, అవతలి అంచును కోసేస్తుంది. తరువాత కల్వర్టు మూతి. ఒక్క మొద్దు అడ్డుపడితే చాలు, గెడ్డ దారి మార్చుకుంటుంది. ఆ పైన లోయవైపు అంచు. అక్కడ రోడ్డు పొడుగునా సన్నని పగులు కనిపిస్తే, దానికి చెరో పక్కా పుల్లలు పాతి, మధ్య దూరం కొలిచి, మర్నాడు మళ్లీ కొలుస్తారు. దూరం పెరిగితే అంచు కదులుతున్నట్టు. అన్నిటికన్నా ముఖ్యం తలెత్తి పైకి చూడటం. నిటారుగా ఉండే చెట్లు ఒరిగాయా? చిన్న చిన్న రాళ్లు రాలుతున్నాయా? ఎన్నడూ లేనిచోట ఊట కడుతున్నదా? వాన పడుతూండగానే గెడ్డలో నీరు ఉన్నట్టుండి తగ్గిందంటే సంతోషించరాదట. పైన ఎక్కడో అడ్డుకట్ట పడి ఉండవచ్చు. అది తెగిందంటే నీరూ బురదా ఒక్కసారిగా వచ్చి పడతాయి.

ఇదంతా పెద్ద రోడ్డు సంగతి. దానికి యంత్రాలున్నాయి, ఇంజనీర్లున్నారు. ఈనాడు రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకుల మీదుగా విజయనగరం చేరే జాతీయ రహదారి కూడా ఈ కొండల్లోంచే పోతుంది. మరి ఆ రోడ్డు నుంచి చీలి, గెడ్డలు దాటి, కొండ మీది గూడేలకు పోయే కాలిబాటల మాటేమిటి? గెడ్డ మీద వేసుకున్న దుంగ కొట్టుకుపోతే దాన్ని చూసి రావలసింది ఆ ఊరివాళ్లే. ముందుగా ఒకరిద్దరు బయలుదేరి, కర్రతో లోతు చూసుకుంటూ సంతదాకా వస్తారు. ఏ బాట తెగిందో, ఏది నిలిచిందో ఆ సంతలోనే నలుగురికీ తెలుస్తుంది. ఉప్పూ బియ్యమూ ఒక పూట ఆలస్యమైతే ఓర్చుకోవచ్చు. నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీలో మోసుకొచ్చేవాళ్లకు బాట తెగితే, ఆ ఆలస్యాన్ని ఓర్చుకునేదెలా?

మన్యంలో రోడ్డు కథకు చేదు కూడా ఉంది. నర్సీపట్నం నుంచి ఏజన్సీకి ఘాటు రోడ్డు వేయడానికి కొండవాళ్లతో చాలీచాలని కూలికి వెట్టి చేయించారు. అడవి మీది ఆంక్షలకు ఆ కసి తోడై, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణా మీద పడినప్పుడు మన్యం ఆయన వెంట నిలిచింది. ఆనాటి రోడ్డు సర్కారు అవసరానికి పుట్టింది. ఈనాడు రోడ్డు కావాలని కొండవాళ్లే అడుగుతున్నారు. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలంలో "అడవితల్లి బాట" పేరుతో గూడేలకు రోడ్లు వేసే పని మొదలయింది. వేయడం ఒక ఎత్తు. ప్రతి వానకూ ఆ కాలువలూ కల్వర్టులూ చూసుకోవడం మరొక ఎత్తు.

తుపానులు వచ్చేదీ, మనం పిల్లాపాపలతో అరకు బయలుదేరేదీ దాదాపు ఒకే రుతువులో. అందుచేత ఒక మాట. తుపాను వెళ్లిన వెంటనే గది దొరికింది గదా అని బయలుదేరకండి. ఆ ఉదయం ఘాటు దిగివచ్చిన బస్సు డ్రైవరును అడగండి. చీకటి పడ్డాక ఘాటు ఎక్కవద్దు. తొలిచిన కొండ కింద బండి ఆపి ఫొటోలు తీసుకోవద్దు. ఎర్రనీళ్లు పారే గెడ్డలో పిల్లలను దింపవద్దు. మట్టి తీసే యంత్రానికీ, కింద ఆసుపత్రికి పోయే బండికీ ముందు దారి వదలండి.

"అరకు రోడ్డు బాగుందా?" అని ఎలాగూ అడుగుతారు. "లోపలి ఊళ్లకు బాట పడిందా?" అని కూడా ఒక్క మాట అడిగి చూడండి. పడలేదని చెబితే, మీరు తిరిగివచ్చాక ఆ సంగతి నలుగురికీ, చేయగల అధికారులకూ చేరవేయండి. కొండ మీంచి ఆ కబురు కిందికి రావడానికి కూడా దారి కావాలి గదా!