చిన్న ఫైళ్లకు ఏ ఇల్లు మంచిది?

అమ్మడూ, డిస్కులో బోలెడు ఖాళీ ఉండగానే కంప్యూటర్ ‘చోటు లేదు’ అంటుందంటే నమ్ముతావా? అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు, ఎందుకో చెబుతా.

మీ నాయనమ్మ వంటింట్లో డబ్బాలన్నీ ఒకే కొలత. ఒకదాని నిండా కందిపప్పు, ఇంకోదాంట్లో చిటికెడు ఇంగువ. ఖాళీగా ఉంది కదా అని ఇంగువ డబ్బాలో మెంతులు పోస్తే ఊరుకుంటుందా? ఫైళ్లను డిస్కులో సర్దిపెట్టే ఫైల్ సిస్టమ్ కూడా అలాగే డిస్కును సమానమైన బ్లాకులుగా చేసుకుంటుంది. లినక్స్‌లో బాగా వాడే ఈఎక్స్‌టీ4లో బ్లాకు మామూలుగా 4,096 బైట్లు. నీ వాతావరణం ప్రాజెక్టులో సెన్సర్ నిమిషానికో ఫైలు రాస్తోంది కదా, ఒక్కోటి 300 బైట్లు. అంత చిన్న ఫైలుకూ పూర్తి బ్లాకు పోతుంది. పది లక్షల ఫైళ్లయితే అసలు సమాచారం 30 కోట్ల బైట్లు, అది ఆక్రమించేది 409 కోట్లు!

ఇంకో చిక్కుంది. ప్రతి ఫైలుకూ ఐనోడ్ అని ఒక చిరునామా చీటీ కావాలి. ఈఎక్స్‌టీ4 ఆ చీటీలన్నీ ఫార్మాట్ చేసేటప్పుడే లెక్కగట్టి పెట్టేస్తుంది, మామూలుగా 16,384 బైట్లకు ఒకటి చొప్పున. 16 జీబీ మెమరీ కార్డుకు దాదాపు పది లక్షలు వస్తాయి. నీ సెన్సర్ రెండేళ్లు తిరక్కుండానే అవి అయిపోతాయి. అప్పటికి కార్డులో సగానికి పైగా ఖాళీయే, అయినా కొత్త ఫైలు పుట్టదు. తర్వాత పెంచుకుందామంటే కుదరదమ్మా, మళ్లీ ఫార్మాట్ చేయాల్సిందే.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ అలా కాదు, ఐనోడ్‌లను అవసరం పడినప్పుడల్లా పుట్టించుకుంటుంది. ఫైళ్లెన్నవుతాయో ముందు తెలియనప్పుడు నా ఓటు దానికే. కానీ బ్లాకు వృథా అందులోనూ తప్పదు. ఆ వృథాను తగ్గించేది బీటీఆర్‌ఎఫ్‌ఎస్. 2,048 బైట్ల లోపు ఫైలుకు వేరే బ్లాకు ఇవ్వకుండా, ఫైళ్ల వివరాలు రాసుకునే చోటే దాన్నీ ఇమిడ్చేస్తుంది. ఒకే డిస్కు ఉంటే ఆ వివరాలను మామూలుగా రెండు ప్రతులు దాస్తుంది కాబట్టి నీ 300 బైట్లు 600 అవుతాయి. అయినా 4,096 ఎక్కడ, 600 ఎక్కడ!

అన్నిటికన్నా మేలైన దారి అసలు అన్ని ఫైళ్లు చేయకపోవడమే. ఫేస్‌బుక్ వాళ్లు కోట్లాది ఫొటోలకు విడివిడి ఫైళ్లు మానేసి, పెద్ద ఫైళ్లలో వరసగా పేర్చే హేస్టాక్ అనే ఏర్పాటును 2010లో వివరించారు. ఒక్కో ఫొటో వివరాల కోసం డిస్కు చుట్టూ తిరిగే శ్రమ తగ్గింది. నీకు అంత ఏర్పాటు అక్కర్లేదు, ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఒక్కటి చాలు. పది లక్షల రీడింగులూ ఒకే ఫైలులో కూర్చుంటాయి.

లేదూ, విడివిడి ఫైళ్లే కావాలంటావా? అయితే కార్డు ఫార్మాట్ చేసే ముందు ఎన్ని ఫైళ్లు, ఒక్కోటి ఎంత అన్న లెక్క కాగితం మీద వేసి తీసుకురా. ఇద్దరం కూర్చుని చూద్దాం.