రాబడి లేని ఆట... విలువ లేని ఆటా?

ఇంటి ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు మొదట దేనిమీద పడతాం చెప్పండి? పాల మీదా, బియ్యం మీదా పడం కదా! అమ్మాయి సంగీతం క్లాసు మీద పడతాం. 'దానివల్ల ఏమొస్తోంది ఇప్పుడు?' అంటాం. ఈ అలవాటు మన ఇళ్ళకే పరిమితం అనుకునేరు! అమెరికాలో కోట్ల డాలర్లతో నడిచే యూనివర్సిటీలు కూడా చేతిలో డబ్బు బిగుసుకోగానే అచ్చం ఇదే మాట అంటాయి. కాకపోతే అక్కడ వేటు పడేది ఆటల మీద. అన్నిటి మీదా కాదు, డబ్బు తెచ్చిపెట్టని ఆటల మీద.

మా పెద్ద ఆడపడుచుగారి కుటుంబం పాతికేళ్ళుగా అక్కడే ఉంటోంది. వాళ్ళమ్మాయి ఏడో ఏట నుంచి ఈత కొడుతోంది. తెల్లవారుజామున ఐదింటికి గడ్డకట్టే చలిలో కారు తీసి పిల్లని కొలనుకి దింపడం మా వదినకి పదేళ్ళ నిత్యపూజ. కాలేజీలో చేరాక అమ్మాయికి ఈత జట్టులో చోటు దొరికింది. స్కాలర్‌షిప్పేమీ లేదు. ఉత్త చోటే! 2025లో ఒకరోజు జట్టునంతా ఓ గదిలోకి పిలిచి, వచ్చే ఏడాది నుంచి ఈత ఉండదని చెప్పేశారట. పావుగంటలో అయిపోయింది. 'అత్తయ్యా, మేం ఓడిపోయినందుకు కాదు, మాకు టిక్కెట్లు అమ్ముడుపోవని తీసేశారు' అంది ఫోన్‌లో. ఆ మాట విన్నాక ఈ సంగతేమిటో తెలుసుకోవాలనిపించింది.

రెండు ఆటల సంపాదన

అక్కడి కాలేజీ ఆటల్లో సంపాదించేవి ముఖ్యంగా రెండే. మగపిల్లల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్. ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో పెట్టుకుని, తలకి హెల్మెట్లూ భుజాలకి మెత్తలూ కట్టుకుని ఒకరినొకరు కుమ్ముకుంటూ పరిగెత్తే ఆట. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో ఈ ఆట చూడడానికి లక్షమందికి పైగా కూర్చోవచ్చు. టీవీ హక్కులు, టిక్కెట్లు, పూర్వ విద్యార్థుల చందాలు... డబ్బంతా ఇక్కడే.

ఇక మిగిలినవి... ఈత, టెన్నిస్, పరుగు, జిమ్నాస్టిక్స్, కుస్తీ, పడవపందెం, వాలీబాల్, కత్తిసాము... వీటిని 'రాబడి లేని ఆటలు' అంటారు. ఎన్.సి.ఎ.ఎ. అని కాలేజీ ఆటల పెద్ద సంస్థ ఒకటుంది. దాని కింద ఆడే 5 లక్షలమందికి పైగా విద్యార్థుల్లో ఎక్కువమంది ఈ రాబడి లేని ఆటల వాళ్ళే. ఆడపిల్లలైతే దాదాపు అందరూ!

ఇంకో చిత్రం కూడా ఉంది. ఫుట్‌బాల్ ఉన్నంత మాత్రాన కాలేజీకి లాభాలు వచ్చిపడవు. ఖర్చులు పోగా ఆటల మీద మిగుల్చుకునేవి బాగా పేరున్న కొద్ది యూనివర్సిటీలే. మిగతాచోట్ల ఫుట్‌బాల్‌కి కూడా విద్యార్థుల ఫీజుల్లోంచీ, యూనివర్సిటీ నిధుల్లోంచీ తీసి పెట్టాల్సిందే. అయినా దాన్ని 'రాబడి ఆట' అనే అంటారు. పేరు అలా స్థిరపడిపోయింది, అంతే!

ఒక స్త్రీ, ఒక చట్టం

మన పేజీ పాఠకులు తప్పక తెలుసుకోవాల్సిన పేరొకటుంది. ప్యాట్సీ మింక్. హవాయి నుంచి గెలిచిన జపాన్ సంతతి మహిళ. డాక్టర్ కావాలని దరఖాస్తులు పెడితే ఏ మెడికల్ కాలేజీ చేర్చుకోలేదు. లా చదివి, పార్లమెంటు మెట్లెక్కింది. సర్కారు సొమ్ము తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడా మగా తేడా చూపకూడదని 1972లో వచ్చిన 'టైటిల్ నైన్' చట్టం వెనక ఆమె కృషి ఉంది. 2002లో ఆమె పోయాక ఆ చట్టానికి ఆమె పేరే పెట్టారు.

ఆ చట్టంలో ఆటల గురించి పెద్దగా ఏమీ రాసిలేదు. కానీ దాని ఫలం ఆటల్లోనే బాగా కనబడింది. 1971-72లో అక్కడి హైస్కూళ్ళలో ఆటలాడే అమ్మాయిలు 3 లక్షల లోపు. ఇప్పుడు 30 లక్షలు దాటారు. రాబడి చూసుకుని మొదలుపెట్టి ఉంటే వీళ్ళలో ఒక్కరూ మైదానంలోకి వచ్చేవారు కాదు కదా!

చట్టం రాకముందు కూడా పట్టుదల ఉన్నచోట పని జరిగింది. టెనెసీ స్టేట్ అనే నల్లజాతి వారి యూనివర్సిటీలో ఎడ్ టెంపుల్ అనే కోచ్ అమ్మాయిలకు పరుగు నేర్పేవాడు. చేతిలో డబ్బు లేదు. పోటీలకి పిల్లల్ని సొంత కారులో తీసుకెళ్ళేవాడు. ఆ జట్టులోంచి వచ్చిందే విల్మా రుడాల్ఫ్. చిన్నప్పుడు పోలియో వచ్చి కాలికి ఇనుప పట్టీలతో నడిచిన పిల్ల, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 3 బంగారు పతకాలు తెచ్చింది. ఆ కోచ్ చేతికింద ఒలింపిక్స్‌కి వెళ్ళినవాళ్ళు 40 మంది దాకా ఉన్నారు. ఏ టిక్కెట్ల లెక్కలో రాస్తారు దీన్ని?

కత్తెర ఎటు పడుతుంది?

2020లో కరోనా వచ్చి లెక్కలు తలకిందులైనప్పుడు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ తన 36 ఆటల్లో 11 తీసేస్తానంది. స్టాన్‌ఫర్డ్ అంటే పేద కాలేజీ కాదు సుమండీ! తీసేస్తామన్న వాటిలో కుస్తీ ఒకటి. 2021 మార్చిలో ఆ జట్టు కుర్రాడు షేన్ గ్రిఫిత్, కాలేజీ పేరు లేని నల్ల బట్టలు వేసుకుని బరిలో దిగి జాతీయ ఛాంపియన్ అయ్యాడు. పూర్వ విద్యార్థులు చందాలు పోగుచేశారు, కోర్టుకెక్కారు. మే నెలలో ఆ 11 ఆటలూ మళ్ళీ ఉంచుతున్నామని ప్రకటించారు. అయోవా యూనివర్సిటీలోనూ 2020లో 4 జట్లు తీసేస్తే ఈత అమ్మాయిలు టైటిల్ నైన్ పట్టుకుని కోర్టుకి వెళ్ళారు. అమ్మాయిల ఈత తిరిగొచ్చింది. అబ్బాయిల ఈత, టెన్నిస్, జిమ్నాస్టిక్స్ మాత్రం పోయాయి. పాపం, వాళ్ళకి పట్టుకోవడానికి చట్టం లేదు.

2025 జూన్‌లో పెద్ద మార్పు వచ్చింది. కాలేజీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బు చెల్లించవచ్చని కోర్టు ఒప్పందాన్ని ఆమోదించింది. 2025-26లో ఒక్కో కాలేజీ ఇవ్వగల గరిష్ఠ మొత్తం సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. అందులో ఎక్కువ భాగం వెళ్ళేది ఫుట్‌బాల్‌కీ, మగపిల్లల బాస్కెట్‌బాల్‌కే. మరి ఆ సొమ్ము ఎక్కణ్ణుంచి తీయాలి? ఆమోదం రాకముందే మార్చిలో కాలిఫోర్నియాలోని కాల్ పాలీ ఈ మార్పునే ఒక కారణంగా చూపి ఈత జట్టుని ఎత్తేసింది. ఈ ఒప్పందంలో చేరిన కాలేజీల్లో జట్టుకి ఇంతమందే ఉండాలన్న హద్దు కూడా వచ్చింది. దాంతో స్కాలర్‌షిప్పు లేకుండా ఇష్టం కొద్దీ ఆడే మా అమ్మాయిలాంటి వాళ్ళకి జట్టు ఉన్నచోట కూడా చోటు కరువైంది.

అయితే ఇక్కడ ఒక న్యాయం మాట్లాడుకోవాలి. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడే కుర్రాళ్ళలో చాలామంది పేద నల్లజాతి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. దశాబ్దాలపాటు వాళ్ళ చెమట మీద అందరూ సంపాదించారు. వాళ్ళకి దక్కింది చదువు ఖర్చు మాత్రమే. పడవపందెం, కత్తిసాము లాంటివి ఆడేవాళ్ళలో కలవారి పిల్లలు ఎక్కువ. 'పేదవాడి కష్టంతో కలవారి పిల్లల వినోదమా?' అని అడిగితే తల దించుకోవాల్సిందే. ఆ కుర్రాళ్ళ వాటా వాళ్ళకి ఇవ్వడం ధర్మం.

కానీ ఆ వాటా ఈత పిల్లల దగ్గర్నుంచే ఎందుకు తీయాలి? టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ 2023 నవంబరులో తన ఫుట్‌బాల్ కోచ్‌ని గడువుకి ముందే పంపించెయ్యడానికి ఒప్పుకున్న పరిహారం 7 కోట్ల 50 లక్షల డాలర్లకు పైమాటే! పని చేసినందుకు కాదండీ, పని మానినందుకు! అలాంటిచోట ఈత కొలను నీళ్ళ ఖర్చు భారమైందంటే ఎలా నమ్మమంటారు?

ఖాతాలో రాయని లాభాలు

అమెరికా ఒలింపిక్స్ జట్టుని మన దేశంలోలా ప్రభుత్వ శాఖ తయారుచెయ్యదు. అక్కడ ఒలింపిక్ సంఘానికి ప్రభుత్వం ఏటా నిధులివ్వదు. పిల్లల్ని తయారుచేసేది ఈ కాలేజీలే. ఒలింపిక్స్‌కి వెళ్ళేవాళ్ళలో సగానికి పైగా కాలేజీ జట్లలో ఆడినవాళ్ళే. బోలెడు పతకాలు తెచ్చిన కేటీ లెడెకీ స్టాన్‌ఫర్డ్ కొలనులో ఈదిన పిల్లే.

మనవాళ్ళకీ ఈ తలుపు తెరిచే ఉంది. మన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీ తరఫున టెన్నిస్ ఆడాడు. హైదరాబాద్ అమ్మాయి యమలపల్లి సహజ టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్‌కి ఆడింది. నెల్లూరు నుంచి వెళ్ళిన దంపతుల కొడుకు నిశేష్ బసవారెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో ఆడి, 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచాడు. టెన్నిస్ అక్కడ రాబడి లేని ఆటే మరి!

చిన్న కాలేజీల లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. మూడో శ్రేణి కాలేజీలు ఆటకి స్కాలర్‌షిప్పులు ఇవ్వవు. అయినా ఆడాలన్న ఇష్టంతో పిల్లలు అక్కడికే వెళ్ళి ఫీజు కట్టి చదువుతారు. టిక్కెట్టు అమ్ముడుపోని పరుగు జట్టు పాతికమంది విద్యార్థుల్ని తెచ్చిపెడుతుందన్నమాట. ఇది రాబడి కాదా?

ఇప్పుడు రాబడి లేదన్నది రేపూ ఉండదని ఎవరు చెప్పగలరు? 2023 ఆగస్టు 30న నెబ్రాస్కాలో అమ్మాయిల వాలీబాల్ చూడడానికి 92,003 మంది వచ్చారు. 2024లో అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఫైనల్‌ని టీవీలో కోటీ 80 లక్షలకు పైగా చూస్తే, అబ్బాయిల ఫైనల్ చూసినవాళ్ళు కోటిన్నర లోపే. యాభై ఏళ్ళు నీళ్ళు పోస్తే కాసిన కాయ ఇది. మూడో ఏడే పీకేసి ఉంటే?

మీ పిల్లలో, మీ బంధువుల పిల్లలో ఆటని నమ్ముకుని అక్కడి కాలేజీకి వెళ్తుంటే కొన్ని ప్రశ్నలు ముందే అడిగించండి. ఈ జట్టుకి నిధులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? గత ఐదేళ్ళలో ఏ ఆటలైనా తీసేశారా? జట్టు రద్దయితే స్కాలర్‌షిప్పు చదువు పూర్తయ్యేదాకా ఇస్తారా? ఆ మాట కాగితం మీద రాసిస్తారా? చదువు సంగతి చూసుకున్నాకే కోచ్ సంగతి చూడమనండి. జట్టు లేకపోయినా ఆ కాలేజీలో ఉండాలనిపిస్తుందా అని పిల్లనే అడగండి.

మా అమ్మాయి కాలేజీ మారలేదు. చదువు బాగుందని అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ఊళ్ళో కొలనులో శనివారాలు చిన్నపిల్లలకి ఈత నేర్పుతోందట. 'డబ్బులిస్తారా?' అని మా వారు అడిగారు. 'ఇవ్వరు మావయ్యా, నాకూ ఎవరో ఊరికే నేర్పారు కదా' అంది. ఆయన ఇంకేమీ అడగలేదు.